టాపు తెరిచే చిన్న స్పోర్ట్స్ కారు: కొనవచ్చా, కొంటే ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇంట్లో అందరికీ సరిపోయే కారు ఒకటి ఉంది. మీ సరదా కోసం రెండు సీట్ల చిన్న కన్వర్టిబుల్, పాత మాజ్డా ఎంఎక్స్-5 లాంటిది, సెకండ్ హ్యాండ్‌లో కొనాలని ఉంది. తెలిసినవాళ్లు మాత్రం భయపెడుతున్నారు. పవరు లేదని ఒకరు, వానకు కారుతుందని ఇంకొకరు, మూడు నెలల్లో మోజు తీరి మూలన పడుతుందని మరొకరు అంటున్నారు. కొనవచ్చా, కొంటే ఏం చూసుకోవాలి, రోజూ నడపవచ్చా అని అడిగారు.

కొనండి. ఇంట్లో ఇంకో కారు ఉందన్నారు కాబట్టి సగం చిక్కు ముందే తీరిపోయింది. ఇలాంటి కారు కొని బాధపడిన వారిలో ఎక్కువమంది దాన్నే ఏకైక కారుగా పెట్టుకుని, సామాను తేవడానికీ నలుగురిని ఎక్కించుకోవడానికీ దాని మీదే ఆధారపడినవాళ్లు. మీకు ఆ ఇబ్బంది లేదు. ఇక మిగిలింది సరైన బండిని ఎంచుకోవడం. అందులో ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఇంజనును చూసి భయపడకండి, నీటిని చూసి భయపడండి. ఈ కార్లను చంపేది ఇంజను కాదు, తుప్పు. ఆ తుప్పు ఎక్కడ మొదలవుతుందో, ఎలా కనిపెట్టాలో కింద వివరంగా రాస్తాను. ఇలాంటి కార్లు చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. తెలిసినవారు కొనబోయే ముందు బండి చూసిపెట్టమని పిలుస్తుంటారు కూడా. కాబట్టి చూసిందే చెబుతున్నాను.

ముందు పవరు సంగతి. 1989లో వచ్చిన తొలి ఎంఎక్స్-5లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజను, శక్తి 115 హార్స్‌పవర్ దరిదాపుల్లో. ఇప్పుడు మామూలు కుటుంబ కార్లలోనే చాలావాటికి అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి కాగితం మీద చూసినవాళ్లకు నవ్వు రావడం సహజమే. కానీ ఆ బండి బరువు 950 కిలోల చుట్టూ ఉంటుంది. ఇంజనును ముందు ఇరుసుకు వెనకగా జరిపి కూర్చోబెట్టారు. ఇంజను తిప్పేది వెనక చక్రాలను. బరువు ముందూ వెనకా ఇంచుమించు సమానంగా పడుతుంది. గేర్‌బాక్సును వెనక డిఫరెన్షియల్‌తో, అంటే శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే పెట్టెతో, కలుపుతూ పొడవైన అల్యూమినియం ఫ్రేము ఒకటి ఉంటుంది. దానివల్ల యాక్సిలరేటర్ మీద పాదం కదిలిన మరుక్షణమే వెనక చక్రాలు స్పందిస్తాయి, మధ్యలో సాగుడు ఉండదు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్నీ పైనొకటి, కిందొకటి చేతులు పట్టుకుంటాయి. ఇవన్నీ కలిసి చేసే పని ఏమిటంటే, మలుపులో కారు ఏం చేస్తోందో స్టీరింగ్ ద్వారా, సీటు ద్వారా మీకు ముందే తెలిసిపోతుంది.

దీని ఫలితం చాలామంది ఊహించనిది. ఆనందం తక్కువ వేగంలోనే దొరుకుతుంది. పెద్ద శక్తిమంతమైన కారులో కాస్త సరదా పుట్టేసరికి చట్టం ఒప్పుకునే వేగం ఎప్పుడో దాటిపోతుంది. ఇందులో గంటకు యాభై, అరవై కిలోమీటర్ల దగ్గరే చేతినిండా పని ఉంటుంది. రెండో గేరులో ఇంజనును చివరిదాకా పరుగెత్తించి మూడో గేరు వేసినా పెద్ద కార్లలో వచ్చేంత వేగం ఇంకా రాదు. మలుపుకు ముందు మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు పాదం ముందు భాగం బ్రేకు మీదే ఉంచి, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టండి. టాకోమీటర్ ముల్లు లేస్తుంది, ఆ లేచిన క్షణంలో గేరు లివర్ ఏ ప్రతిఘటనా లేకుండా లోపలికి జారిపోతుంది, క్లచ్ వదిలితే కుదుపే ఉండదు. మొదట్లో ఇది కుదరదు, బండి ఎగిరెగిరి పడుతుంది. కుదిరిన రోజు నుంచి పాలకో పేపరుకో బయలుదేరినా దూరంగా ఉన్న దుకాణానికే వెళతారు.

మాన్యువల్ గేరు బండే తీసుకోండి. మోకాలి నొప్పో, మరో ఇబ్బందో ఉంటే తప్ప ఈ కారులో ఆటోమేటిక్ కొనడం సగం కారు కొనడమే.

నమ్మకం గురించి కూడా మీవాళ్లు ఏదో అన్నట్టున్నారు. ఆ భయానికి మూలం అరవైలు, డెబ్బైలలోని బ్రిటిష్ రోడ్‌స్టర్లు, అంటే టాపు తెరిచే రెండు సీట్ల కార్లు. వాటిలో ఒకటైన ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు తయారైంది. ముచ్చటైన బండి, కాకపోతే ఆయిలు కారడం, కరెంటు తంటాలు ఆ తరం కార్లకు పుట్టుకతో వచ్చినవి. అమెరికాలో మోటారు విలేకరిగా ఉన్న బాబ్ హాల్ 1979లో మాజ్డా సంస్థకు చెందిన కెనిచి యమమోతోతో మాట్లాడుతూ, అలాంటి తేలికపాటి రోడ్‌స్టర్లు మాయమైపోతున్నాయి, మీరు ఒకటి చేయకూడదా అన్నారు. పదేళ్ల తరువాత, 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఎంఎక్స్-5 బయటికి వచ్చింది. రూపంలో 1962 నాటి లోటస్ ఎలాన్ ఛాయలు కనిపిస్తాయి కానీ తాళం తిప్పితే ప్రతిసారీ స్టార్ట్ అవుతుంది, అదే అసలు తేడా. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి. టాపు తెరిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంతగా అమ్ముడైనది మరొకటి లేదు. అన్ని బండ్లు ఉండబట్టే విడిభాగాలు, వాటి గురించి తెలిసిన మనుషులు ఇప్పటికీ దొరుకుతారు. పాత కారు కొనేవారికి హార్స్‌పవర్ కన్నా ఇది ముఖ్యం.

ఇప్పుడు నీటి సంగతి. కాస్త ఓపికగా చదవండి.

గుడ్డ టాపు మీద పడిన వాన ఎక్కడికి పోతుంది? చాలామంది అది పక్కలనుంచి జారిపోతుందనుకుంటారు. కొంత అలాగే పోతుంది. మిగిలినది టాపు వెనక అంచున ఉన్న సన్నని కాలువలోకి చేరి, సీట్ల వెనక రెండు మూలల్లో సీటు బెల్టు స్తంభాల పక్కనున్న రంధ్రాల్లోకి దిగి, గొట్టాల గుండా వెనక చక్రాలకు కొంచెం ముందు నేల మీద పడుతుంది. చెట్టు కింద నిలిపిన బండిలో ఈ రంధ్రాల్లో ఆకులు, పూలరేకులు, దుమ్ము చేరి ముద్దలా గట్టిపడతాయి. అప్పుడు నీరు దిగదు. కార్పెట్ కిందికి, తలుపు కింద ఉండే బోలు పెట్టె లాంటి సిల్స్‌లోకి పోయి అక్కడే నిలుస్తుంది. ఉక్కును అది లోపలి నుంచి తింటూ వస్తుంది కాబట్టి బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. ఒకరోజు వెనక చక్రం ముందు భాగంలో రంగు బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ కనబడే వేళకు లోపల రేకు మిగిలి ఉండదు.

బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఒక లీటరు నీళ్ల సీసా, ఒక చిన్న అయస్కాంతం, టార్చి పట్టుకెళ్లండి. టాపు సగం ఎత్తి, సీట్ల వెనక మూలలో రంధ్రం ఎక్కడుందో వేలితో వెతికి, అమ్మేవారి అనుమతితో సీసాలోని నీళ్లు నెమ్మదిగా పోయండి. వెంటనే వంగి కింద చూడండి. వెనక చక్రం ముందు ధారగా పడితే దారి బాగుంది. చుక్కలు చుక్కలుగా పడినా, అసలు పడకపోయినా అది ఏళ్లుగా అలాగే ఉందేమోనని అనుమానించాలి. ఆపైన సీట్ల వెనక కార్పెట్ అంచు ఎత్తి కింది స్పాంజిని నొక్కండి. పైన పొడిగా ఉండి కింద తడి తగలడం చాలా మామూలు. ముక్కును కూడా నమ్మండి. లోపల ఘాటైన సెంటు వాసన గుప్పున కొడితే అది దేన్నో కప్పిపెట్టడానికేనని అనుకోవాలి.

అయస్కాంతాన్ని సిల్స్ మీద, వెనక చక్రం చుట్టూ మెల్లగా జరపండి. ఉన్నట్టుండి పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. బానెట్ మీద అంటుకోకపోతే కంగారుపడకండి, తొలి తరం ఎంఎక్స్-5కు బానెట్ అల్యూమినియందే. ఇది తెలియక బండి మొత్తం పుట్టీయేనని తిరిగి వచ్చేసిన వారిని చూశాను. మంచి బండి వదులుకున్నారు.

ఒక పరిచయస్తుడి కోసం ఎర్ర బండి ఒకటి చూడటానికి వెళ్లాను. రంగు కొత్తది, చక్రాలు కొత్తవి, ఇంజను గడియారంలా నడుస్తోంది. సిల్ కింది అంచును టార్చి వేసి చూస్తే అక్కడ ఉండవలసిన పలకల అతుకు కనిపించలేదు, నున్నగా ఒకే ముద్దలా ఉంది. ఎవరో పాత తుప్పు మీదే రేకు కప్పి, దాని మీద మందపాటి నల్ల కోటింగ్ పూశారు. అదే రోజు చూసిన మరో బండికి రంగు వెలిసిపోయి, సీటు చిరిగి, టాపు వెనక అద్దం పచ్చబడి ఉంది. అడుగు భాగం మాత్రం పొడిగా, అతుకులన్నీ స్పష్టంగా ఉన్నాయి. అతనికి మొదటిది నచ్చింది, నేను రెండోదే తీసుకోమన్నాను. సీటు, అద్దం, టాపు బోల్టులు విప్పి మార్చుకునే వస్తువులు. సిల్ అంటే కోసి, వెల్డింగ్ చేసి, ఆ చేసినవాడి చేతిని నమ్మాల్సిన వ్యవహారం. పైగా టాపు లేని కారులో బలమంతా ఆ సిల్స్‌లోనే ఉంటుంది, పైన పట్టుకునే కప్పు లేదు కదా.

రెండో తరం బండి (1998 నుంచి 2005 వరకు వచ్చినది) అయితే ఇంకో చోటు కూడా చూడాలి. ముందు సస్పెన్షన్ దగ్గర పొడవుగా సాగే ఛాసిస్ రెయిల్స్ లోపలి నుంచి తుప్పు పడతాయి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో తిరిగిన బండి అయితే ఇది తప్పనిసరిగా చూడవలసిందే. లిఫ్టు మీద ఎక్కించకుండా తెలియదు. లిఫ్టు ఎక్కించనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇంజను గురించి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే చెప్పడానికి ఎక్కువ లేదు. తొలి తరం బండిలో చల్లగా ఉన్నప్పుడు పైనుంచి టకటక శబ్దం వస్తే అవి వాల్వులను నెట్టే హైడ్రాలిక్ లిఫ్టర్లు. ఆయిలు తక్కువైనా పాతబడినా అలా మోగుతాయి, వేడెక్కితే సద్దుమణగాలి. మొదటి రెండు తరాలకు టైమింగ్ బెల్టు ఉంటుంది, సుమారు లక్ష కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. మార్చిన రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క. మూడో తరం నుంచి చైను. తొలి 1.6 బండ్లలో, 1991 తొలినాళ్ల దాకా తయారైనవాటిలో, క్రాంక్ (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొన సన్నగా ఉండి పుల్లీ వదులయ్యే లోపం ఉంది. స్టార్ట్ చేసి ముందు పుల్లీ వంకరగా తిరుగుతోందేమో చూస్తే చాలు. క్లచ్‌ను నూనె ఒత్తిడితో నెట్టే స్లేవ్ సిలిండర్ కారడం అందరికీ వచ్చేదే, చిన్న ఖర్చు. ఇవేవీ బండిని వదులుకోవలసిన కారణాలు కావు.

ఏ తరం బండి తీసుకోవాలన్నది మీ పొడవును బట్టి, టాపు మీద మీ అభిప్రాయాన్ని బట్టి ఉంటుంది. 1989 నుంచి 1997 దాకా వచ్చిన మొదటి తరం, అంటే ఎన్ఏ, లేచి పడుకునే హెడ్‌లైట్లతో అందరి మనసు దోచేది. ఇప్పుడు వాటిని సేకరించేవారు ఎక్కువయ్యారు కాబట్టి మంచివి చవకగా దొరకవు. 1998 నుంచి 2005 వరకు వచ్చిన ఎన్బీ నడపడంలో దాని తోబుట్టువే. హెడ్‌లైట్లు లేవవు కాబట్టి జనం చిన్నచూపు చూస్తారు, అందుకే కొనేవారికి లాభం. వెనక ప్లాస్టిక్ అద్దం స్థానంలో మంచు తుడిచే తీగలున్న గాజు అద్దం వచ్చింది. ఈ రెండింటిలోనూ స్టీరింగ్ పైకీ కిందికీ జరగదు. మీరు బాగా పొడవైతే కొనే ముందు టాపు మూసి లోపల కనీసం అరగంట కూర్చోండి. తల గుడ్డకు తగిలితే, మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలితే దానికి మందు లేదు. 2005లో వచ్చిన ఎన్సీ కాస్త పెద్దది, పొడవైనవారికి హాయి. 2006 నుంచి దానికి గట్టి టాపు మడతపడి వెనక్కి పోయే రకం కూడా వచ్చింది. డిక్కీ జాగా తినకుండా మడతపడటం దాని గొప్ప. 2015 నుంచి వస్తున్న ఎన్డీ మళ్లీ తేలికైంది. గుడ్డ టాపును కూర్చున్నచోటు నుంచే ఒక్క చేత్తో వెనక్కి తోసేయవచ్చు. 2019 మోడళ్ల నుంచి స్టీరింగ్ ముందుకూ వెనక్కూ కూడా జరుగుతుంది. తొలి ఏళ్ల ఎన్డీల గేర్‌బాక్సులు కొన్ని విఫలమయ్యాయి, తరువాత లోపలి భాగాలు మార్చారు, కాబట్టి ఆ ఏళ్ల బండి అయితే గేర్‌బాక్సు చరిత్ర అడగండి.

మీరు అడగకపోయినా పోటీ బండ్ల గురించి ఒక మాట. హోండా ఎస్2000 అద్భుతమైన ఇంజను. తొలి బండ్లలో టాకోమీటర్ ఎర్రగీత 9000 దగ్గర ఉంటుంది. కానీ తడి రోడ్డు మీద కొత్తవారిని క్షమించదు, వెనక భాగం ఉన్నట్టుండి తిరుగుతుంది. ఇంజను మధ్యలో ఉన్న టయోటా ఎంఆర్2 స్పైడర్ నడపడానికి భలే ఉంటుంది, సామాను పెట్టుకోవడానికి మాత్రం సీట్ల వెనక చిన్న అర తప్ప మరేమీ లేదు. పాత పోర్షే బాక్‌స్టర్ కొనే ధరను చూసి మురిసిపోకండి, నిర్వహణ ఖర్చు కొత్త పోర్షే లెక్కలోనే ఉంటుంది. మొదటి రోడ్‌స్టర్‌గా ఎంఎక్స్-5 వైపే నేను మొగ్గుతాను.

టాపు ఎప్పుడు తెరవాలి? కొత్తగా కొన్నవారు మిట్టమధ్యాహ్నం ఎండలో తెరిచి, ఎర్రబడిన ముఖంతో ఇంటికొచ్చి ఇది మనకు పడదంటారు. ఈ కారుకు మధ్యాహ్నం పనికిరాదు. తెల్లవారుజాము, పొద్దు వాలాక, వాన వెలిసిన గంట, ఇవీ దాని వేళలు. చలికాలం ఇంకా బాగుంటుంది. పక్క అద్దాలు ఎత్తి, హీటరు పాదాల వైపు తిప్పి, ఒక ఉన్ని టోపీ పెట్టుకుంటే చలి గాలి తలమీదుగా పోతుంటుంది, మీరు వెచ్చగా ఉంటారు. చూసేవాళ్లకు పిచ్చి అనిపించినా ఫరవాలేదు. సీట్ల వెనక గాలి అడ్డు పలక ఉంటే మెడ వెనక నుంచి తిరిగి వచ్చే గాలి చాలా తగ్గుతుంది. ఎన్డీలో గట్టి టాపున్న ఆర్ఎఫ్ రకం చూడటానికి అందంగా ఉంటుంది కానీ తెరిచినప్పుడు చెవుల వెనక గాలి హోరు గుడ్డ టాపు బండి కన్నా ఎక్కువ. కొనేముందు హైవే మీద నడిపి చూడండి. దూరప్రయాణంలో చెవులకు చిన్న ఇయర్‌ప్లగ్‌లు, చర్మానికి సన్‌స్క్రీన్ వాడటం నామోషీ కాదు.

దారిలో చినుకులు మొదలైతే కంగారుగా బ్రేకు వేయకండి. సాగుతున్నంతసేపు ముందు అద్దం మీదుగా పోయే గాలి చినుకులను తల వెనక్కి తోసేస్తుంది. అసలు తంటా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే. సురక్షితంగా ఆపుకునే చోటు చూసి ఆగి, టాపు మూసుకోండి.

టాపును చూసుకోవడం కష్టమేమీ కాదు, నియమాలు తెలిస్తే చాలు. తడి టాపును మడవకండి. మడతల్లో బూజు పట్టి మచ్చలు పడతాయి, అవి పోవు. నిలిపి ఉంచేటప్పుడు ఎప్పుడూ మూసే ఉంచండి, బిగుతుగా ఉంటేనే ముడుచుకుపోకుండా ఉంటుంది. మామూలు నీళ్లు, మెత్తని బ్రష్, కొంచెం సబ్బు చాలు. వేగంగా నీళ్లు చిమ్మే గొట్టాన్ని కుట్ల దగ్గర పెట్టకండి. వెనక ప్లాస్టిక్ అద్దమున్న తొలి తరం బండి అయితే టాపు దించే ముందు ఆ అద్దం జిప్పు తీసి చదునుగా పడుకోబెట్టాలి. బద్ధకించి అలాగే మడిస్తే గీత పడుతుంది, చలికాలంలో అయితే పగులుతుంది. దుమ్ము పట్టిన ప్లాస్టిక్ అద్దాన్ని పొడి గుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. ముందు నీళ్లు పోసి దుమ్ము పోనివ్వండి. వానాకాలం మొదలయ్యే ముందు పైన చెప్పిన రంధ్రాల్లో మెత్తని ప్లాస్టిక్ తీగ దూర్చి శుభ్రం చేయండి. గట్టి ఇనుప తీగ వద్దు, లోపలి గొట్టానికి చిల్లు పడితే కొత్త తలనొప్పి.

చాలా మెకానిక్ షెడ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. ఏ బండి వచ్చినా టైర్లలో గాలి 32, 35 పీఎస్ఐ కొట్టేస్తారు. తొలి తరం ఎంఎక్స్-5కు కంపెనీ చెప్పింది 26 పీఎస్ఐ. ఇంత తేలిక కారులో గాలి ఎక్కువైతే గుంత గుంతకూ ఎగురుతుంది, మలుపులో పట్టు తగ్గుతుంది, యజమాని సస్పెన్షన్ పోయిందనుకుని ఖర్చులకు దిగుతాడు. తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంత రాసి ఉంటే అంతే కొట్టించండి. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. తక్కువ తిరిగే కార్ల టైర్లు అరగకుండానే వయసు మీరి గట్టిపడతాయి. గాడులు నిండుగా ఉన్నాయని పాత టైర్లతో తడి రోడ్డెక్కకండి. బండికి ఏదైనా హంగు చేయించాలని చేతులు దురదపెడితే మొదటి డబ్బు మంచి టైర్లకు, రెండోది వీల్ అలైన్‌మెంట్‌కు పెట్టండి. ఆ రెండూ చేశాక చాలామందికి ఇంకేమీ చేయించాలనిపించదు. పెద్ద చక్రాలు, కిందికి దించిన సస్పెన్షన్ ఈ కారులోని మంచితనాన్నే పాడుచేస్తాయి, అది నా గట్టి అభిప్రాయం.

మొదటి రెండు తరాల్లో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. దాని వాయువులు బయటికి పోవడానికి సన్నని గొట్టం ఉండాలి. అందుకే మామూలు బ్యాటరీ తెచ్చి పెట్టకూడదు, ఆ గొట్టం తగిలించే వీలున్న సీల్డ్ రకమే పెట్టాలి. వారాల తరబడి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది కాబట్టి నెమ్మదిగా చార్జ్ చేస్తూ ఉండే ట్రికిల్ చార్జర్ పెట్టుకోండి, లేదా వారానికోసారి ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. ఊరికే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ, సైలెన్సర్‌లో నీరు చేరి అదీ తుప్పు పడుతుంది.

రోజూ నడపవచ్చా అంటే, నడపవచ్చు, కొన్నిటికి సిద్ధపడితే. ఎన్డీ డిక్కీ సుమారు 130 లీటర్లు. ఇద్దరికి రెండు మూడు రోజుల బట్టలు మెత్తని సంచుల్లో పడతాయి, గట్టి సూట్‌కేసు పట్టదు. ఎన్డీకి స్టెప్నీ ఉండదు, పంక్చరు కిట్ ఒక్కటే. హైవే మీద లోపల మోత ఉంటుంది, ఫోనులో మాట్లాడాలనే ఆశ వదులుకోండి. టాపు మూసి ఉన్నప్పుడు వెనక పక్కన ఏమున్నదీ సరిగ్గా కనబడదు కాబట్టి దారి మారేముందు అద్దాలను నమ్మి ఊరుకోకుండా తల తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. లారీ పక్కన సాగేటప్పుడు ఆ డ్రైవరుకు మీరు ఉన్నారనే తెలియదు. మీ తల అతని చక్రం ఎత్తులో ఉంటుంది. ఒక్క ఊపులో దాటండి, లేదా వెనకే ఉండండి, పక్కన వేలాడవద్దు. పాత బండ్లకు బోల్తాపడితే కాపాడే రోల్‌బార్ కంపెనీ నుంచి రాదు. మంచిది ఒకటి వేయించడం దండగ ఖర్చు కాదు. పసిపిల్లలను వెనక్కి తిరిగి కూర్చోబెట్టే సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఎన్నడూ పెట్టకూడదు. ఈ కారులో ఉన్నవి ముందు సీట్లే కాబట్టి పసిబిడ్డ ప్రయాణం ఇంట్లో ఉన్న రెండో కారులోనే.

దొంగల సంగతి చాలామంది అడుగుతారు. గుడ్డ టాపును కత్తితో కోయడానికి క్షణం పట్టదు. అందుకే పాత బండ్ల యజమానులు చాలామంది లోపల ఏమీ ఉంచకుండా, తలుపులు తాళం వేయకుండానే వదిలేస్తారు. ఏమీ లేదని తెలుసుకోవడానికి వాడు తలుపు తీసుకుని చూసి పోతాడు, టాపు మిగులుతుంది. బీమా వాళ్లు దీనికి ఒప్పుకుంటారో లేదో మాత్రం ముందే కనుక్కోండి. విలువైనవేవైనా ఉంటే తాళం వేసిన డిక్కీలోనే, అదీ ఎవరూ చూడనప్పుడు పెట్టాలి.

చివరికి మోజు. తీరిపోయేవారు నిజంగానే ఉన్నారు. నేను చూసినంతలో వాళ్లు ఎక్కువగా నలుగురూ చూడాలని కొన్నవాళ్లు. పార్కింగులో పొగడ్తలు కొన్నాళ్లు ఉంటాయి, తరువాత ఎవరూ తల తిప్పరు, అప్పుడు అసౌకర్యాలు మాత్రమే మిగులుతాయి. నడపడం కోసమే కొన్నవారు అమ్మినా, రెండేళ్లు తిరక్కుండా ఇంకోటి వెతుక్కోవడం చూశాను. మీరు ఏ రకమో తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది: కొనేముందు ఎక్కడైనా అద్దెకు దొరికితే ఒక రెండు రోజులు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా, ఫోటో పెట్టకుండా, మలుపులున్న దారిలో ఒంటరిగా తిప్పి చూడండి. తిరిగి ఇచ్చేటప్పుడు చేతిలోంచి తాళం వదలాలనిపించకపోతే ఇక ఎవరి మాటా వినవలసిన పని లేదు.

మీరు చూడబోయే బండి ఏ సంవత్సరానిదో రాయండి. వీలైతే మూడు ఫోటోలు పెట్టండి: సీట్ల వెనక కార్పెట్ ఎత్తి తీసినది, వెనక చక్రం ముందు సిల్ కింది అంచు టార్చి వేసి తీసినది, లిఫ్టు మీద ముందు ఛాసిస్ రెయిల్స్‌ది. మెరిసే బానెట్ ఫోటో నాకు అక్కర్లేదు.